మదీనా యూదుల కథనాలు – విమర్శకుని బాధ్యత

1

ప్రాచ్య దేశాల చరిత్ర మతాల చరిత్రగా ఎందుకు కనిపిస్తుంది? 1853 జూన్‌లో మార్క్స్ ఎంగెల్స్‌కు రాసిన ఉత్తరంలో వేసిన ప్రశ్న ఇది. అంతకు కొద్ది రోజుల ముందే ఎంగెల్స్ తన ఉత్తరంలో అరబ్బుల గురించీ, యూదుల గురించీ, మహమ్మద్ ప్రవక్త తెచ్చిన మత విప్లవం గురించీ ప్రస్తావించాడు. యూదులు కూడా మొదట్లో తక్కిన బెదూయిన్ తెగల వంటి చిన్న తెగేననీ, వ్యవసాయం వంటి స్థానిక పరిస్థితులే వాళ్ళను తక్కిన తెగలకు ఎదురు నిలబెట్టాయనీ ఆయన అభిప్రాయం. దానికి ఆధారం ఒక ఇంగ్లీషు క్రైస్తవ మతాచార్యుడు రాసిన అరేబియా భూగోళ గ్రంథం. ఆ గ్రంథాన్ని ఇవాళ ప్రమాణంగా తీసుకునేవారు లేరు. కాని మార్క్స్ ప్రశ్న నిలిచే ఉంది. ఆ ప్రశ్నలోని బలమంతా 'కనిపిస్తుంది' అనే క్రియలో ఉంది. చరిత్ర మత చరిత్రే కావటం వేరు, మత చరిత్రగా కనిపించటం వేరు. ఈ రెంటి నడుమ దూరాన్ని కొలవటమే విమర్శకుని పని.

ఆ పని ఇవాళ అత్యవసరమైన చోటు ఒకటుంది. ఏడో శతాబ్దపు అరేబియాలో, ముఖ్యంగా మదీనాలో, తొలి ముస్లింలకూ యూదులకూ నడుమ ఏర్పడిన సంబంధాల చరిత్ర అది. 628లో ముస్లిం సేనలకు లొంగిపోయిన ఖైబర్ అనే ఖర్జూర తోటల ఒయాసిస్ పేరును, 2006 లెబనాన్ యుద్ధంలో హిజ్బుల్లా ఒక రాకెట్టుకు పెట్టింది. మరోవైపు, ముస్లింలందరినీ పుట్టుకతోనే హంతకులుగా చూపదలచుకున్నవారు 627లో బనూ ఖురైజా అనే యూదు తెగకు పట్టిన గతిని పదే పదే ఎత్తి చూపుతున్నారు. మన దేశంలోనూ ఈ ప్రచారం సాగుతోంది. అది యూదుల మీద ప్రేమతో సాగుతున్నది కాదని చెప్పనక్కరలేదు. పైకి బద్ధశత్రువుల్లా కనిపించే ఈ ఇద్దరికీ కావలసిన సరుకు ఒక్కటే: పద్నాలుగు శతాబ్దాల అనాది వైరం. ఆ సరుకు ఒకసారి అమ్ముడుపోతే ఇక 1917 బాల్ఫోర్ ప్రకటన అక్కరలేదు, 1948లో ఇళ్ళూ వాకిళ్ళూ పోగొట్టుకున్న పాలస్తీనా ప్రజలు అక్కరలేదు, యూరప్‌లో యూదులపై జరిగిన మారణహోమం అక్కరలేదు. అంతా రక్తంలోనే ఉందని చేతులు దులుపుకోవచ్చు.

దీనికి అభ్యుదయ రచయితలం ఏం సమాధానం చెబుతున్నాం? చాలా సందర్భాల్లో రెండే సమాధానాలు వినిపిస్తున్నాయి. ఒకటి, అదంతా కట్టుకథ, అసలు జరగలేదు అనటం. రెండు, ముస్లింలూ యూదులూ ఎప్పుడూ అన్నదమ్ముల్లా ఉన్నారు, అదొక స్వర్ణయుగం అనటం. ఉద్దేశం మంచిదే. కాని మంచి ఉద్దేశంతో చెప్పిన అర్ధసత్యం అవతలివాడి చేతికి ఆయుధమే అవుతుంది. ఈ రెండు సమాధానాలూ చాలవనీ, మూడో మార్గం ఒకటి ఉందనీ, అది సాహిత్య విమర్శకులమైన మనకు బాగా తెలిసిన పాఠవిమర్శ మార్గమేననీ ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నాను.

2

ముందు కథనం. 622లో ప్రవక్త మక్కా నుంచి యస్రిబ్‌కు, అంటే తర్వాత మదీనా అని పేరుపొందిన ఒయాసిస్‌కు, వలస వచ్చారు. అక్కడ ఔస్, ఖజ్రజ్ అనే రెండు అరబ్బు తెగలు, ఖైనుఖా, నజీర్, ఖురైజా అనే మూడు ప్రధాన యూదు తెగలు ఉన్నాయి. మొదట ఒడంబడిక కుదిరింది. ముస్లింలు కొన్ని నెలల పాటు జెరూసలేం వైపు తిరిగి ప్రార్థన చేశారు. 624లో ఆ దిశ మక్కాలోని కాబా వైపు మారింది. అదే ఏడాది, బద్ర్ యుద్ధం తర్వాత, కంసాలి పనికి పేరుపడ్డ ఖైనుఖా తెగను వెళ్ళగొట్టారు. ఉహుద్ యుద్ధం తర్వాత, 625లో, ఖర్జూర తోటల ఆసాములైన నజీర్ తెగను వెళ్ళగొట్టారు. 627లో మక్కా సేనలూ వాటి మిత్రులూ మదీనాను ముట్టడించినప్పుడు శత్రువులతో చేతులు కలిపారన్న ఆరోపణపై ఖురైజా తెగను దిగ్బంధించి, లొంగిపోయాక వారి మగవాళ్ళను చంపి, ఆడవాళ్ళనూ పిల్లలనూ బందీలు చేశారు. 628లో ఖైబర్ లొంగిపోయింది.

ఈ క్రమాన్ని ఇలా పేర్చి చూపితే అది ఒక మతం మరొక మతాన్ని నిర్మూలించిన కథలాగానే కనిపిస్తుంది. అందులోంచి నాలుగు వివరాలు జారిపోయాయి గనకనే అలా కనిపిస్తుంది.

మొదటిది, హిజ్రత్‌కు కొద్ది ఏళ్ళ ముందు ఔస్, ఖజ్రజ్ తెగల మధ్య జరిగిన బుఆస్ యుద్ధంలో యూదు తెగలు ఒకే పక్షాన లేవు. నజీర్, ఖురైజా తెగలు ఔస్ వైపు ఉన్నాయి. ఖైనుఖా వారి పొత్తు ఖజ్రజ్‌తో. యూదులంతా ఒక కట్టు, అరబ్బులంతా ఒక కట్టు అన్న విభజన అప్పటికి లేదు. రెండోది, ఖురైజాపై తీర్పు చెప్పినవాడు వారి పాత మిత్రపక్షమైన ఔస్ తెగ పెద్ద, సాద్ ఇబ్న్ ముఆజ్. ఆయన అదే ముట్టడిలో బాణం దెబ్బ తిని మరణానికి చేరువలో ఉన్నాడు. మూడోది, ఉహుద్‌లో ప్రవక్త పక్షాన పోరాడి చనిపోయిన యూదు విద్వాంసుడు ముఖైరీఖ్ కథను ముస్లిం చరిత్రకారులే గౌరవంగా భద్రపరిచారు. నాలుగోది, యూదులు అరబ్బు భాషకూ, కవిత్వానికీ పరాయివాళ్ళు కారు. ఆరో శతాబ్దపు యూదు కవి సమవ్అల్ తన దగ్గర దాచమని ఇచ్చిన కవచాలను శత్రువుకు అప్పగించటానికి ఒప్పుకోక, కళ్ళ ఎదుట కన్నకొడుకును పోగొట్టుకున్నాడంటారు. నమ్మకానికి మారుపేరుగా అరబ్బీలో ఆయన పేరే సామెత అయింది. ఒక భాష తన నమ్మకానికి కొలబద్దగా ఎవరిని నిలుపుకుంటుందో చూస్తే ఆ భాష మాట్లాడేవారి అసలు సంబంధాలు కొంతవరకైనా అర్థమవుతాయి.

3

ఈ సంగతులన్నీ మనకు తెలిసింది ఎలా? ప్రధానంగా ఇబ్న్ ఇస్‌హాఖ్ రాసిన ప్రవక్త జీవితచరిత్ర ద్వారా. ఆయన ఎనిమిదో శతాబ్దం తొలి ఏళ్ళలో మదీనాలో పుట్టి, 767 ప్రాంతంలో బాగ్దాదులో చనిపోయాడు. యుద్ధంలో బందీగా పట్టుబడిన తాత కడుపున పుట్టిన కుటుంబం ఆయనది. ఖురైజా సంఘటనకూ ఆయన గ్రంథరచనకూ మధ్య నూరేళ్ళు దాటిన దూరముంది. పైగా ఆయన గ్రంథం మనకు నేరుగా దక్కలేదు. 830 ప్రాంతంలో చనిపోయిన ఇబ్న్ హిషామ్ పరిష్కరించిన రూపంలో దక్కింది. తాను కొన్ని భాగాలు వదిలేశాననీ, కొందరిని నొప్పించే సంగతులు తీసేశాననీ ఆ పరిష్కర్త దాచకుండా చెప్పుకున్నాడు.

మన ప్రాచీన కావ్యాల పరిష్కరణ గురించి కొద్దిగా తెలిసినవారెవరికైనా ఇక్కడ చెవులు నిక్కబొడుచుకోవాలి. మూలకర్త ఎవరు, పరిష్కర్త ఎవరు, ఏది వదిలేశారు, ఎందుకు వదిలేశారు, ఎవరి ఏలుబడిలో రాశారు – ఇవి కదా మనం ప్రతి గ్రంథాన్నీ అడిగే ప్రశ్నలు. అబ్బాసీ ఖలీఫాల కాలం నాటికి ముస్లింలు విశాల సామ్రాజ్యానికి పాలకులు. యూదులు ఆ సామ్రాజ్యంలో జిజియా కట్టే ప్రజలు. ఆ కాలపు రచయిత మదీనా రోజులను తలచుకుంటూ రాసినప్పుడు ఆ తర్వాతి పాలక పాలిత సంబంధం వెనక్కి నడిచి వెళ్ళి ఏడో శతాబ్దం మీద నీడ పరచటం సహజం.

ఈ జాగ్రత్త మనం కొత్తగా కనిపెట్టింది కాదు. మదీనా ధర్మశాస్త్రవేత్త మాలిక్ ఇబ్న్ అనస్ ఇబ్న్ ఇస్‌హాఖ్‌కు సమకాలికుడు. ఆయన ఇబ్న్ ఇస్‌హాఖ్‌ను తీవ్రంగా తప్పుపట్టాడని సంప్రదాయం చెబుతోంది. ఖైబర్, ఖురైజా వంటి సంఘటనల గురించి ముస్లింలుగా మారిన యూదుల సంతతివారిని అడిగి కథలు పోగుచేశాడన్నది ఆక్షేపణల్లో ఒకటి. ఈ ఆక్షేపణను తిరగేసి చూస్తే ఎంత విలువైన సమాచారం! ఓడిపోయినవారి మనవలు తమ తాతల కథ చెప్పారు, గెలిచినవారి చరిత్రకారుడు దాన్ని రాసుకున్నాడు. అంచేత ఈ గ్రంథంలో రెండు గొంతులున్నాయి. ఒకే గొంతు విని తీర్పు చెప్పేవాడు సగం గ్రంథమే చదివినట్టు.

4

ఆ గ్రంథంలోనే ఒక పత్రం ఉంది. పండితులు దాన్ని మదీనా ఒడంబడిక అంటారు. ప్రవక్త వచ్చిన తొలిరోజుల్లో మదీనా ప్రజల మధ్య కుదిరిన కట్టుబాట్ల పత్రం. తొలి ఇస్లాం చరిత్ర ఆధారాలను తీవ్రంగా శంకించే పండితులు కూడా దీని ప్రాచీనతను అంగీకరిస్తారు. కారణం సులభం. యూదులను కూడా సమాజంలో కలుపుకునే ఇలాంటి పత్రాన్ని తర్వాతి కాలపు ముస్లిం రచయిత ఎవరూ పనిగట్టుకుని కల్పించరు. తన కాలపు ప్రయోజనానికి విరుద్ధంగా ఉన్నదాన్ని కూడా రచయిత దాచుకున్నాడంటే అది పాతదై ఉండాలి. పాఠవిమర్శలో ఇదొక గట్టి సూత్రం.

ఈ పత్రంలో ఔఫ్ వంశానికి చెందిన యూదుల గురించి ఒక వాక్యం ఉంది. ఇబ్న్ ఇస్‌హాఖ్ పాఠం ప్రకారం వారు విశ్వాసులతో కలిసి ఒక సమాజం. 838లో చనిపోయిన అబూ ఉబైద్ తన ఆర్థిక ధర్మశాస్త్ర గ్రంథంలో ఇచ్చిన పాఠం ప్రకారం వారు విశ్వాసులలో ఒక సమాజం. అరబ్బీలో 'మఅ'కూ 'మిన్'కూ ఉన్న తేడా ఇది. తెలుగులో ఒక్క ప్రత్యయం తేడా: 'తో', 'లో'.

'తో' అంటే రెండు సమాజాలు పక్కపక్కన ఉండి పొత్తు కుదుర్చుకున్నాయి. 'లో' అంటే ఒకే సమాజం, అందులో యూదులు కూడా సభ్యులు. మొదటి పాఠం తీసుకుంటే ఇస్లాం మొదటి రోజు నుంచే విడి మతం. రెండో పాఠం తీసుకుంటే మొదటి రోజుల్లో 'విశ్వాసులు' అనే విశాలమైన ఉద్యమం ఉంది, అందులో ఏకదేవతను నమ్మే యూదులకూ చోటుంది, సరిహద్దులు తర్వాత గట్టిపడ్డాయి. ఫ్రెడ్ డోనర్ 2010లో ప్రచురించిన గ్రంథంలో ఈ రెండో దారిలోనే వాదించాడు. అందరూ అంగీకరించలేదు. ఏ పాఠాన్ని తీసుకున్నా యూదులకు వారి మతం వారికి, ముస్లింలకు వారి మతం వారికి అన్న అర్థం వచ్చే మాట ఆ పత్రంలో వెంటనే ఉంది. అంటే భేదం గుర్తించబడింది. గుర్తించబడిన భేదం ఒడంబడికకు అడ్డు రాలేదు.

ఇంకొక సంగతి. తర్వాతి కథనంలో ముఖ్యపాత్రలైన ఖైనుఖా, నజీర్, ఖురైజా పేర్లు ఈ పత్రంలో లేవు. అందులో యూదులను ఔఫ్ వారి యూదులు, నజ్జార్ వారి యూదులు అంటూ అరబ్బు వంశాల పేర్లతో చెప్పారు. ఆ మూడు తెగలకూ వేరే ఒప్పందాలున్నాయా, లేక పొత్తులున్న వంశాల పేర్ల కిందే వారు కూడా లెక్కకు వచ్చారా అన్నదానిపై 2004లో మైకేల్ లెకర్ ప్రత్యేక గ్రంథం రాసేదాకా, ఆ తర్వాత కూడా, చర్చ సాగింది. ఈ చర్చ పండితుల కాలక్షేపం కాదు. ఒడంబడికను ఖురైజా ఉల్లంఘించిందా అన్న ప్రశ్నకు, ఏ ఒడంబడికను అన్నది తేలకుండా జవాబు లేదు. ఇంత సూక్ష్మమైన పాఠభేదం మీద నిలిచిన చరిత్రను, ఒక చేత రాకెట్టూ మరో చేత కరపత్రమూ పట్టుకున్నవారు ఎంత మొరటుగా వాడుతున్నారో చూడండి.

5

ఇక ఖురైజా విషయం. దీన్ని దాటవేసే వ్యాసానికి విలువ లేదు.

ఇబ్న్ ఇస్‌హాఖ్ ప్రకారం దిగ్బంధం 25 రోజులు సాగింది. చంపబడినవారు 600 లేక 700 మంది, 800 నుంచి 900 దాకా అన్నవారు కూడా ఉన్నారని ఆయనే రాశాడు. ఈ సంఘటనను సూచించేదిగా చెప్పే ఖురాన్ వాక్యాల్లో తెగ పేరు లేదు, సంఖ్య లేదు. శత్రువులకు తోడ్పడిన గ్రంథప్రజల్లో కొందరు చంపబడ్డారనీ, కొందరు బందీలయ్యారనీ మాత్రమే ఉంది. 1976లో డబ్ల్యూ. ఎన్. అరఫాత్ అనే పండితుడు ఈ మారణకాండ కథ నమ్మదగినది కాదని వాదించాడు. 1979లో మన దేశానికి చెందిన చరిత్రకారుడు బరకాత్ అహ్మద్ ఇంకా విపులంగా, ఒక గ్రంథమే రాసి, ఆ సంఖ్యలను తోసిపుచ్చాడు. 1986లో ఎం. జె. కిస్టర్ అరబ్బీ ధర్మశాస్త్ర గ్రంథాల నుంచి ఎన్నో ఆధారాలు తీసి, ఈ సంప్రదాయం ఒక్క ఇబ్న్ ఇస్‌హాఖ్ మీదే ఆధారపడలేదనీ, ముస్లిం న్యాయవేత్తలు దాన్ని వాస్తవంగా స్వీకరించి దాని మీద నియమాలు కట్టారనీ చూపాడు.

నా అభిప్రాయంలో సంఖ్యల విషయంలో అనుమానాలకు చోటుంది గాని, సంఘటనను మొత్తంగా కొట్టిపారేయటానికి ఆధారాలు చాలవు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. నెత్తుటి మరక తుడిచేస్తే తప్ప ముస్లిం పొరుగువాణ్ణి ప్రేమించలేమని ఒప్పుకోవటం ఎలాంటి అభ్యుదయం? 627 నాటి హత్యకు ఇవాళ్టి మనిషి బాధ్యుడన్న సూత్రాన్నే ముందు మనం తిరస్కరించాలి. అది తిరస్కరించినవాడికి సంఘటనను దాచవలసిన అవసరం ఉండదు. దాచుకుంటున్నామంటే ఆ సూత్రాన్ని లోలోపల మనమూ ఒప్పుకున్నామన్నమాట.

ఈ నిగ్రహానికి మంచి ఉదాహరణ ఫ్రెంచి మార్క్సిస్టు పండితుడు మాక్సిం రోడిన్సన్. ఆయన యూదు కార్మిక కుటుంబంలో పుట్టాడు. తల్లిదండ్రులు ఔష్విట్జ్‌లో బలయ్యారు. అలాంటి మనిషి 1961లో ప్రవక్త జీవితచరిత్ర రాస్తూ ఖురైజా సంఘటనను మరుగుపరచలేదు, దాన్ని నేటి ముస్లింల మీదికి విసరనూ లేదు. దాని వెనక ఉన్న ఆ కాలపు రాజకీయ తర్కాన్ని విప్పి చూపాడు. ఆయనే 1967లో ఇజ్రాయెల్ రాజ్యపు వలసవాద స్వభావాన్ని విమర్శిస్తూ రాశాడు. రెండు చోట్లా ఒకే తూకం. ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం కాదు.

సాహిత్య విద్యార్థులు ఖురైజా అధ్యాయాన్ని మరో కారణంగా కూడా చదవాలి. ఇబ్న్ ఇస్‌హాఖ్ అందులో ఒక ముసలి యూదుడి కథ చెప్పాడు. ఆయన పేరు అజ్జబీర్. వెనకటి బుఆస్ యుద్ధంలో సాబిత్ అనే అరబ్బును పట్టుకుని కూడా ప్రాణం తీయక వదిలేశాడు. ముస్లిం అయిన ఆ సాబిత్ ఇప్పుడు ఆ రుణం తీర్చుకోదలచి ప్రవక్తను అడిగి ముసలివాడి ప్రాణం దక్కించాడు. భార్యాబిడ్డలు లేని ముసలివాడికి ప్రాణమెందుకంటే వెళ్ళి వాళ్ళనూ విడిపించాడు. ఆస్తి లేకుండా బతికేదెలాగంటే వెళ్ళి ఆస్తీ ఇప్పించాడు. అప్పుడు ముసలివాడు తన తెగ పెద్దల పేర్లు ఒక్కొక్కటే ఎత్తి, ఫలానావాడు ఏమయ్యాడు, ఫలానావాడు ఏమయ్యాడు అని అడిగాడు. అందరూ చనిపోయారన్నదే జవాబు. అయితే ఆ పాత రుణం పేరు చెప్పి అడుగుతున్నాను, నన్నూ వాళ్ళ దగ్గరికి పంపు అన్నాడు. అలాగే జరిగింది.

విజయగాథగా రాసిన గ్రంథంలో ఈ ఘట్టం ఎందుకుంది? గెలిచినవారి మతానికి ఇది ఏ విధంగానూ కీర్తి తెచ్చేది కాదు. ఓడినవాడి ఆత్మగౌరవమే ఇందులో వెలిగేది. ఓడినవారి సంతతి నుంచి కథలు విన్నాడన్న మాలిక్ ఆక్షేపణ ఇక్కడ మళ్ళీ గుర్తుకు రావాలి. రెండో గొంతు ఇదే. కథకుడు దాన్ని నొక్కేయలేదు. ద్వేష ప్రచారకులు ఈ అధ్యాయంలోంచి సంఖ్యను మాత్రం కోసుకుపోతారు. సమర్థించేవారు ఆ సంఖ్యను మాత్రం కొట్టేస్తారు. అజ్జబీర్ ఉన్న పేజీ ఇద్దరికీ పనికిరాదు. మనకు పనికొచ్చేది ఆ పేజీయే. మతాల పేర్లతో వర్గీకరించిన మనుషుల మధ్య రుణాలూ, మాటలూ, స్నేహాలూ ఉన్నాయనీ, అవి ఒక కొత్త రాజ్యం పుట్టుక ఒత్తిడికి ఎలా చితికిపోయాయో అదే చెబుతుంది.

6

ఇక్కడ మనవాళ్ళలోనే కొందరు ఒక తొందరపాటు చేస్తారు. అసలు సంగతి మతం కాదు, ఖర్జూర తోటలు, అంతే అంటారు. ఆ మాటలో నిజముంది. నజీర్ వారి భూములు ప్రధానంగా మక్కా నుంచి కట్టుబట్టలతో వచ్చిన వలసదారులకు దక్కాయి. అంతవరకూ మదీనా తెగలవారి మీద ఆధారపడి బతికిన వలసదారులకు అది సొంత నేల. ఖైబర్‌లో మరో ఏర్పాటు జరిగింది. అక్కడి యూదులు సాగు తెలిసిన రైతులు. గెలిచినవారికి అంత సాగుబడి చేసే మనుషులు లేరు. అందుచేత పంటలో సగం ఇచ్చే షరతుతో తోటలను వాళ్ళ చేతుల్లోనే ఉంచారు. మన పల్లెల్లో పాలుకు ఇవ్వటం లాంటిదే. తర్వాతి కాలంలో పాలుకు సాగుచేయించటం ధర్మసమ్మతమా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ముస్లిం న్యాయవేత్తలు ఖైబర్ ఉదాహరణను ముందు పెట్టుకుని వాదించుకున్నారు. రెండో ఖలీఫా ఉమర్ కాలంలో, సాగుకు మనుషులు దొరికాక, ఖైబర్ యూదులను సిరియా వైపు పంపేశారు.

భూమి లెక్క ఇంత స్పష్టంగా ఉంది. అయినా తోటలే అంతా అంటే తప్పు. జెరూసలేం నుంచి కాబాకు ప్రార్థన దిశ మారటాన్ని ఏ తోట వివరిస్తుంది? అబ్రహాం యూదుడూ కాదు, క్రైస్తవుడూ కాదు అన్న ఖురాన్ వాదన ఒక సిద్ధాంత పోరాటం. పూర్వ ప్రవక్తల వారసత్వం ఎవరిదన్న పోరాటం. తమను తాము గ్రంథప్రజలుగా ఎరిగిన యూదులు కొత్త ప్రవక్తను అంగీకరించకపోవటం ఆ కొత్త ఉద్యమానికి ప్రాణసంకటం. భావాలు ప్రజల్ని పట్టుకుంటే భౌతికశక్తి అవుతాయన్నది మన సిద్ధాంతమే. దాన్ని ఏడో శతాబ్దానికి వర్తింపజేయటానికి జంకనక్కరలేదు. భావాన్ని భూమిలోకీ, భూమిని భావంలోకీ యాంత్రికంగా కరిగించేవాడు గతితర్కం చదవలేదు, ఎక్కాలు మాత్రం చదివాడు.

7

ఖైబర్ గురించే మరో కథ ఉంది. పదకొండో శతాబ్దపు బాగ్దాదులో కొందరు యూదులు ఒక పత్రం తెచ్చారు. ఖైబర్ యూదులకు జిజియా మాఫీ చేస్తూ ప్రవక్త ఇచ్చిన పత్రమని, సాక్షుల సంతకాలున్నాయని చెప్పారు. వజీరు ఆ పత్రాన్ని 1071లో చనిపోయిన గొప్ప చరిత్రకారుడు అల్ ఖతీబ్ అల్ బాగ్దాదీకి చూపించాడు. ఆయన చూసి ఇది దొంగ పత్రం అన్నాడు. కారణాలు రెండు. సాక్షుల్లో ముఆవియా పేరుంది, ఆయన ముస్లిం అయింది 630లో మక్కా విజయం నాడు, ఖైబర్ ఒప్పందం 628 నాటిది. సాక్షుల్లో సాద్ ఇబ్న్ ముఆజ్ పేరుంది, ఆయన 627లోనే, ఖురైజాపై తీర్పు చెప్పిన కొద్ది రోజులకే, కన్నుమూశాడు.

ఇది మతవాదమా? కాదు, తేదీల వాదం. ప్రాచ్యదేశాల వారికి చారిత్రక విమర్శ తెలియదనీ, దాన్ని యూరప్ నేర్పిందనీ చెప్పేవారికి ఇదే జవాబు. ఈ కథను ఇంకోవైపు నుంచి కూడా చదవాలి. ఆ యూదులు దొంగ పత్రం ఎందుకు రాసుకున్నారు? పన్ను భారం తప్పించుకోవటానికి. తమను ఏలేవారి ప్రవక్త మాటనే తమకు రక్షణగా వాడుకోజూశారు. అనాది వైరం నిజమైతే శత్రువు ప్రవక్త సంతకం మీద ఆశ పెట్టుకునేదెవరు? ఆ దొంగ పత్రం ఖైబర్ గురించి ఏమీ చెప్పదు. బాగ్దాదు గురించి మాత్రం ఎంతో చెబుతుంది. ప్రక్షిప్తాలను ఏరి పారేయటంతో విమర్శకుని పని ముగియదు, అవి ఏ అవసరం నుంచి పుట్టాయో చెప్పాలి.

8

గ్రంథాలకు రాసినప్పటి అర్థం ఒకటి, ఎత్తుకుపోయినప్పటి అర్థం మరొకటి. దీనికి ఉదాహరణ మనకు దగ్గరగానే ఉంది. ఇస్లాం యూదుమతం నుంచి ఏమేమి గ్రహించిందన్న విషయంపై 1833లో అబ్రహాం గైగర్ అనే జర్మన్ యూదు యువకుడు పుస్తకం ప్రచురించాడు. బాన్ విశ్వవిద్యాలయం పెట్టిన పోటీకి రాసిన బహుమతి వ్యాసం అది. తర్వాత ఆయన యూదు మతసంస్కరణోద్యమానికి పెద్ద దిక్కయ్యాడు. ఖురాన్‌ను యూదు సాహిత్యంతో పక్కపక్కన పెట్టి చదవటానికి దారి వేసిన పుస్తకం ఇది. మహమ్మద్‌ను మోసగాడిగా చిత్రించే యూరపు అలవాటును కాదని, చిత్తశుద్ధిగల మనిషిగా చూసింది. దాని ఇంగ్లీషు అనువాదం 1898లో మద్రాసులో అచ్చయింది. ఎందుకు? ముస్లింలతో వాదించే క్రైస్తవ మిషనరీలకు అక్కరకు వస్తుందని. యూదు సంస్కర్త ఆప్యాయంగా చూపిన బంధుత్వం, తెలుగు జిల్లాలకు రాజధానిగా ఉన్న మద్రాసుకు వచ్చేసరికి, దొంగసొత్తు జాబితాగా మారింది. పుస్తకంలో అక్షరం మారలేదు. చదివించే చెయ్యి మారింది.

రెండు మతాల మధ్య పోలిక కనిపిస్తే అప్పు అనటం, తేడా కనిపిస్తే పగ అనటం – ఈ రెండు అలవాట్లూ మానితే తప్ప ఈ చరిత్ర అర్థం కాదు. యూదుల వైపు ఆధారాలు కూడా ఇదే చెబుతాయి. 630లో బైజాంటైన్ చక్రవర్తి హెరాక్లియస్ జెరూసలేంలో తిరిగి అడుగుపెట్టాక యూదులను అక్కడి నుంచి వెళ్ళగొట్టాడు, బలవంతపు బాప్తిస్మాలకు ఆజ్ఞ ఇచ్చాడు. కొద్ది ఏళ్ళకు ముస్లిం సేనలు ఆ నగరాన్ని గెలిచాక, ఖలీఫా ఉమర్ 70 యూదు కుటుంబాలను అక్కడ స్థిరపడనిచ్చాడని కైరో యూదుల పాత కాగితాల గదిలో దొరికిన ఒక పత్రం చెబుతోంది. రబ్బీ షిమోన్ పేరుతో ఎనిమిదో శతాబ్దంలో రూపుదిద్దుకున్న ఒక హీబ్రూ భవిష్యవాణి అయితే ఇష్మాయేలు సంతతి రాజ్యాన్ని రోమన్ల పీడ నుంచి యూదులను విడిపించటానికి దేవుడు పంపిన రాజ్యంగా వర్ణించింది. ఖైబర్ నుంచి యూదులను పంపేసిన ఉమరే జెరూసలేంలో వారికి చోటిచ్చిన ఉమర్ కూడా. ఇందులో ఏది నిజమైన ఇస్లాం అని అడగటం తప్పు ప్రశ్న. రెండూ ఒక రాజ్యం చేసిన పనులు. ఒక్కోచోట ఒక్కో అవసరం.

అయితే ఇంతమాత్రాన స్వర్ణయుగం అని కేకలు వేయనక్కరలేదు. 850లో ఖలీఫా ముతవక్కిల్ ముస్లిమేతరులు పసుపు రంగు గుర్తులు ధరించాలని ఆజ్ఞాపించాడు. రక్షణ ఉంది, సమానత్వం లేదు. సమకాలిక యూరప్‌తో పోలిస్తే మెరుగు అనటం నిజమే. కాని మెరుగు అన్న మాట పీడితుడి నోట వస్తే ఊరట, పాలకుడి నోట వస్తే గొప్పలు.

9

రచయితలకూ విద్యార్థులకూ నేను చెప్పదలచుకున్నది ఇంతే. మత చరిత్రను మతవాదుల చేతికి వదిలేసి మనం ఆధునిక కవిత్వం మాట్లాడుకుంటూ కూర్చోలేం. అలాగని వాళ్ళ అంకెలకు మన అంకెలు పోటీ పెట్టటం కూడా మన పని కాదు. ఆ గ్రంథాలను మనం గ్రంథాలుగా చదవాలి. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి దగ్గర విన్నారు, ఏ పాఠాంతరం ఏ ప్రయోజనానికి పనికొచ్చింది, ఇవాళ ఏ పేజీ చించుకుపోతున్నారు, ఏ పేజీ వదిలేస్తున్నారు అని అడగాలి. ఈ ప్రశ్నలను ముస్లిం గ్రంథాలకే పరిమితం చేసి, బైబిలులోని యెహోషువ దండయాత్రలనూ, మన పురాణాల్లోని సంహారాలనూ భక్తితో చదివేవాడికి ఆ ప్రశ్నలు అడిగే అర్హత లేదు.

ఏడో శతాబ్దపు మృతులకు మనం చేయగలిగిన న్యాయం ఒక్కటే. వారిని ఆ శతాబ్దపు మనుషులుగా బతికించి చూపటం. సాద్ తన గాయంతో, సాబిత్ తన రుణంతో, ముఖైరీఖ్ తన విధేయతతో, అజ్జబీర్ తన ప్రశ్నలతో. వీళ్ళలో ఎవరూ 1948ని చూడలేదు, ఎవరూ 2006ను కోరలేదు. వాళ్ళ పేర్లు రాసిన రాకెట్టు ఏ ఇంటి మీద పడినా, వాళ్ళ పేర్లు రాసిన కరపత్రం ఏ బస్తీలో నిప్పు పెట్టినా, ఆ నేరం ఇవాళ్టిది. దాని జవాబుదారీ కూడా ఇవాళ్టివాళ్ళదే.